మాతంగకన్య పోసిన నీరు

శ్రావస్తిలో భిక్షాటన ముగించుకొని వస్తున్న ఆనందుడు ఒక బావి వద్ద ఆగాడు. నీళ్ళు తోడుతున్న యువతిని దాహమడిగాడు. ఆమె తాను మాతంగకన్యనని చెప్పి వెనుకాడింది. తాను ఆమె కులగోత్రాలను అడగలేదనీ, నీళ్ళు మాత్రమే అడిగాననీ ఆనందుడు బదులు చెప్పాడు. ఆమె పోసింది. అతడు తాగి వెళ్ళిపోయాడు. దివ్యావదానమనే సంస్కృత బౌద్ధ కథాసంకలనంలో 33వదైన శార్దూలకర్ణావదానం ఈ విధంగా మొదలవుతుంది.

భారతీయ సాహిత్యంలో సమానత్వ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ బావి దృశ్యాన్ని తలచుకోవడం పరిపాటి. మలయాళంలో కుమారన్ ఆశాన్, వంగభాషలో రవీంద్రనాథ ఠాకూర్ దీనిని ఆధునిక పాఠకులకు చేర్చారు. అయితే ఆ దీర్ఘమైన అవదానంలో బావి దృశ్యం ఆక్రమించే చోటు చాలా కొద్ది. తక్కిన భాగంలో ఏమున్నదో, దానిని ఎవరు స్వీకరించారో, ఎవరు విడిచిపెట్టారో పరిశీలిస్తే, సాహిత్యం ప్రతిపాదించిన సమానత్వానికీ సమాజం అంగీకరించిన సమానత్వానికీ నడుమ ఎంత దూరమున్నదో ఈ ఒక్క కథ చరిత్రలోనే కనిపిస్తుంది.

ఆ యువతి పేరు ప్రకృతి. ఆమె మనసు ఆనందునిపై నిలిచిపోయింది. మంత్రవిద్య తెలిసిన తల్లిని బతిమాలి అతణ్ణి ఇంటికి రప్పించమన్నది. మంత్రబలానికి లోబడి ఆనందుడు చండాలవాటికకు వచ్చాడు. బుద్ధుడు తన విద్యతో ఆ బంధాన్ని విప్పి అతణ్ణి విహారానికి చేర్చుకొన్నాడు. ప్రకృతి పట్టు విడవలేదు. భిక్షకు బయలుదేరిన ఆనందుని వెన్నంటి నడిచింది. చివరకు బుద్ధుడే ఆమెతో మాట్లాడాడు. తల్లిదండ్రుల అనుమతి ఉన్నదా అని అడిగాడు. ఆనందుని వేషం వంటి వేషాన్ని ధరించడానికి సమ్మతమేనా అని అడిగాడు. ఆమె సమ్మతించింది. శిరోముండనమై, కాషాయం ధరించి భిక్షుణి అయింది.

చాలామంది చెప్పే కథ ఇక్కడ ముగుస్తుంది. అవదానకారుడు మాత్రం ఇక్కడి నుంచే అసలు విషయానికి వస్తాడు. ఒక చండాలకన్యకు ప్రవ్రజ్య ఇచ్చారన్న వార్త విని శ్రావస్తిలోని బ్రాహ్మణులు, గృహపతులు కలవరపడ్డారు. వారు లేవనెత్తిన ప్రశ్న తాత్త్వికమైనది కాదు. ఆమె రేపు ఉన్నత కుటుంబాల ముంగిట భిక్షాపాత్రతో ఎలా నిలబడుతుంది? ఆ ఇళ్ళలో ఎలా అడుగు పెడుతుంది? ఆమె విహారంలో కూర్చొని ధ్యానం చేసుకొంటే వారు పట్టించుకొని ఉండకపోవచ్చు. చిక్కంతా ఇంటి గడప దగ్గర, వంటింటి అన్నం దగ్గర వచ్చింది. ఈ అభ్యంతరం విన్న ప్రసేనజిత్తు మహారాజు పరివారంతో బుద్ధుని వద్దకు వెళ్ళాడు. బుద్ధుడు సమాధానంగా ఒక పూర్వజన్మ వృత్తాంతం చెప్పాడు.

గంగాతీరంలో త్రిశంకుడనే మాతంగరాజు ఉండేవాడు. ఆయన కుమారుడు శార్దూలకర్ణుడు. త్రిశంకుడు పుష్కరసారి అనే బ్రాహ్మణ పండితుని వద్దకు వెళ్ళి, ఆయన కుమార్తెను తన కుమారునికిమ్మని అడిగాడు. పుష్కరసారి మండిపడ్డాడు. అప్పుడు మొదలైన వాదమే ఈ అవదానానికి గుండెకాయ. పశువులలో, పక్షులలో, చెట్లలో జాతిభేదాలు కంటికి కనిపిస్తాయి. ఆవుకూ గుర్రానికీ, మామిడికీ మోదుగకూ ఆకారంలోనే తేడా తెలుస్తుంది. బ్రాహ్మణునికీ చండాలునికీ కాళ్ళు, చేతులు, పుట్టుక, చావు అన్నీ ఒకే తీరుగా ఉన్నప్పుడు జాతి వేరని చెప్పడానికి ఆధారమేమిటన్నది త్రిశంకుని ప్రశ్న. పాళీ వాఙ్మయంలో వాసెట్ఠ సుత్తం ఇదే తర్కాన్ని క్లుప్తంగా నడుపుతుంది. అస్సలాయన సుత్తం మరో దిక్కు నుంచి వచ్చి, యవన కాంభోజ దేశాలలో ఉన్నవి ఆర్యుడు, దాసుడు అనే రెండు వర్ణాలే కదా, అక్కడ ఆర్యుడు దాసుడు కావడం, దాసుడు ఆర్యుడు కావడం కూడా ఉన్నదే కదా అని అడుగుతుంది. ఆ సుత్తాలలో ప్రశ్నించేవాడు బుద్ధుడు. ఇక్కడ ప్రశ్నిస్తున్నవాడు చండాలుడు. ఈ తేడా చిన్నది కాదు.

పుష్కరసారి అంతటితో లొంగలేదు. త్రిశంకుని విద్యను పరీక్షించాడు. వేదశాఖలు, నక్షత్రాలు, వాటి ఆకారాలు, ముహూర్తాలు, నీడ కొలతలు, గ్రహణ ఫలాలు, శకునాలు, ఇలా పుటల కొద్దీ సాగే ఈ భాగం కారణంగానే శార్దూలకర్ణావదానం జ్యోతిష చరిత్రకారులకు ప్రియమైన గ్రంథమయింది. కులాన్ని గురించి ఏమి చెప్పిందో చదవని పండితులు సైతం నక్షత్రాల కోసం దీనిని చదివారు. చివరకు బ్రాహ్మణుడు తృప్తి చెంది తన కుమార్తెను శార్దూలకర్ణునికిచ్చి వివాహం చేశాడు. కథ చెప్పి బుద్ధుడు జన్మలను ముడివేశాడు. ఆనాటి త్రిశంకుడు తానే. శార్దూలకర్ణుడు ఆనందుడు. పుష్కరసారి శారిపుత్రుడు. ఆ బ్రాహ్మణ కన్య నేటి ఈ మాతంగకన్య. అంటే ఒక జన్మలో తాను చండాలుడినని బుద్ధుని చేతనే చెప్పించి, బ్రాహ్మణ చండాల వివాహాన్ని మంగళాంతంగా నిలిపిన గ్రంథమిది. సంస్కృత కథావాఙ్మయంలో ఇంతటి సాహసం అరుదు.

ఇందులోని లోపాలనూ కప్పిపుచ్చనవసరం లేదు. త్రిశంకుడు వేదం, జ్యోతిషం తెలిసినవాడు గనుక గెలిచాడు. నక్షత్రాల పేర్లు తెలియని మాతంగుని సంగతి ఏమిటి? తర్కం మనుషులందరిదీ ఒకే జాతి అన్నా, కథ మాత్రం పాండిత్యాన్ని ఋజువు చేసుకొన్నవానికే కన్యనిచ్చింది. వివాహపు మాటలన్నీ ఇద్దరు పురుషుల మధ్యనే నడిచాయి. ఈ జన్మలోని ప్రకృతిని బుద్ధుడు అడిగిన ప్రశ్నలను పూర్వజన్మలోని కన్యను ఎవరూ అడగలేదు. ఇక గృహపతులు లేవనెత్తిన తొలి అభ్యంతరానికి నేరుగా జవాబు దొరకదు. భిక్షుణి ప్రకృతి మరునాడు ఏ వీధిలోకి భిక్షకు వెళ్ళిందో, ఏ ఇంటివారు ఆమె పాత్రలో అన్నం వేశారో కథ చెప్పదు. సంఘద్వారం సైతం అందరికీ ఒకేలా తెరచుకోలేదు. దాసులకు, ఋణగ్రస్తులకు, రాజభటులకు ప్రవ్రజ్య ఇవ్వరాదని వినయపిటకంలోని మహావగ్గం నియమించింది. కులాన్ని లెక్కచేయని సంఘం యజమాని హక్కును, రాజు హక్కును లెక్కచేసింది.

గడప దగ్గరి ఆ అభ్యంతరం సమాజంలో ఎంత గట్టిగా నిలిచి ఉన్నదో చెప్పడానికి ఒక సాక్షి ఉన్నాడు. 5వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఉత్తర భారతంలో సంచరించిన చీనా భిక్షువు ఫాహియాన్ మధ్యదేశ ప్రజల అహింసను, సంఘం పట్ల వారి భక్తిని ఎంతో మెచ్చుకొన్నాడు. అదే వర్ణనలో, చండాలురు ఊరి వెలుపల వేరుగా నివసిస్తారనీ, నగరంలోకో అంగడిలోకో వచ్చేటప్పుడు కర్రను తట్టి చప్పుడు చేస్తారనీ, అది విని జనం తప్పుకొంటారనీ రాశాడు. మెచ్చుకోలు, ఈ మాట పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య వైరుధ్యం ఆ యాత్రికునికి తోచినట్లు లేదు. అప్పటికే ఈ మాతంగకన్య కథ చీనా భాషలోకి వెళ్ళింది. 3వ శతాబ్దిలో వూ రాజ్యంలో జరిగిన అనువాదంగా అక్కడి గ్రంథపట్టికలు ఒక మాతంగ సూత్రాన్ని పేర్కొంటాయి.

భారతదేశపు మైదానాలలో బౌద్ధవిహారాలు అంతరించిన తరువాత దివ్యావదానం నేపాల్ లోయలో బతికింది. అక్కడి నేవార్ బౌద్ధులు తరతరాలుగా దాని ప్రతులు రాసి భద్రపరచారు. ఆ పనిని తక్కువచేయరాదు. వారు రాసి ఉంచకపోతే సంస్కృతంలోని త్రిశంకుని వాదం నశించి ఉండేది. కానీ ఆ లోయలో బౌద్ధసంఘం క్రమంగా పుట్టుకతో వచ్చే సభ్యత్వంగా మారింది. బాహాలనే విహారాలలో సభ్యులు శాక్య, వజ్రాచార్య కుటుంబాల కుమారులే. బాలురు కొద్దిరోజులు కాషాయం ధరించి భిక్షువులుగా ఉండి, ఆ మీదట గృహస్థులై జీవితాంతం సంఘసభ్యులుగా కొనసాగుతారు. కులం లేదని వాదించిన గ్రంథాన్ని కులంగా మారిన సంఘం కాపాడింది.

దీనికన్నా కఠినమైన వైపరీత్యం 1854లో వచ్చింది. జంగ్ బహదూర్ రాణా ప్రభుత్వం ఆ సంవత్సరం ములుకీ ఐన్ అనే న్యాయస్మృతిని అమలులోకి తెచ్చి దేశంలోని జనులందరినీ ఒకే కులశ్రేణిలో నిలబెట్టింది. ఆ శ్రేణిలోని ప్రధానమైన గీత నీటితో గీసినది. ఎవరి చేతి నీరు తాగవచ్చునో వారు ఒకవైపు, ఎవరి చేతి నీరు తాగరాదో వారు మరొకవైపు. నీరు తాగరానివారిలో మళ్ళీ రెండు తరగతులు. ముట్టుకొంటే నీళ్ళు చిలకరించుకోనవసరం లేనివారు మొదటి తరగతి, తప్పక చిలకరించుకోవలసినవారు రెండవది. లోయలోని కసాయివృత్తి నేవార్లు మొదటి తరగతిలో, పాకీపని చేసే పోడే, చ్యామే కులాలు రెండవ తరగతిలో చేరాయి. ఐరోపావారిని కూడా ఆ స్మృతి నీరు చెల్లనివారి వరుసలోనే చేర్చింది. ఈ అవదానపు ప్రతులను లోకానికి అందించిన బ్రయాన్ హాటన్ హాడ్జ్‌సన్ 1843 వరకు ఖాట్మండులో బ్రిటిష్ రెసిడెంటు. ఆ స్మృతి ప్రకారమైతే ఆయన చేతి నీరూ తాగరానిదే. చండాలకన్య చేతి నీటిని భిక్షువు తాగడంతో మొదలయ్యే కథను దాచుకొన్న దేశంలో ఈ విభజన 1963లో కొత్త ఐన్ వచ్చేదాకా చట్టమై నిలిచింది.

హాడ్జ్‌సన్ పాటన్‌కు చెందిన అమృతానంద పండితుని సాయంతో సేకరించిన ప్రతులు కొన్ని కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి, కొన్ని పారిస్‌కు చేరాయి. పారిస్ ప్రతుల ఆధారంగా యూజెన్ బ్యూర్నుఫ్ 1844లో ప్రచురించిన భారతీయ బౌద్ధ చరిత్రలో ఈ కథను పరిచయం చేశాడు. దానిని చదివిన జర్మన్ సంగీతకారుడు రిచర్డ్ వాగ్నర్ 1856లో విజేతలు అనే పేరుతో ఒక సంగీతనాటకానికి ప్రణాళిక రాసుకొన్నాడు. నాటకం పూర్తికాలేదు గాని, ఆ ప్రణాళిక ఆసక్తికరమైనది. అందులో పూర్వజన్మ కథ తలకిందులైంది. బ్రాహ్మణకన్యయే గర్వించి చండాల రాజకుమారుని తిరస్కరించినందుకు ఈ జన్మలో మాతంగకన్యయై పుట్టి ప్రాయశ్చిత్తం అనుభవిస్తుంది. అవదానంలో గర్వం తండ్రిది, వాదంతో కరిగిపోయింది, పెళ్ళి జరిగింది. వాగ్నర్ చేతిలో పెళ్ళి పోయింది, వాదం పోయింది, కులం కర్మఫలంగా మిగిలింది. సమానత్వాన్ని చాటిన కథను ఒక్క మలుపుతో అసమానతకు సమర్థనగా మార్చడం ఎంత సులభమో దీనివల్ల తెలుస్తుంది.

కుమారన్ ఆశాన్ ఈ కథను తీసుకొన్న స్థితి వేరు. ఆయన ఈళవ కులంలో పుట్టినవాడు, నారాయణ గురువు శిష్యుడు, 1903లో ఏర్పడిన శ్రీనారాయణ ధర్మ పరిపాలన యోగానికి తొలి కార్యదర్శి. ఆనాటి తిరువాన్కూరులో ఈళవులకు ఆలయప్రవేశం లేదు, కొన్ని ఆలయాల చుట్టూ ఉన్న బాటలలో నడిచే హక్కు కూడా లేదు. ఇతరుల అవమానాన్ని గురించి కాక, తాను ఎరిగిన అవమానాన్ని గురించి రాస్తున్న కవి ఆయన. 1922లో వెలువడిన చండాలభిక్షుకి కావ్యంలో ఆశాన్ తల్లి మంత్రప్రయోగాన్ని తొలగించాడు. ఆకర్షణకు మంత్రం అక్కరలేదు, ఒక మనిషి తనను మనిషిగా పలకరించడమే చాలునని ఆయన భావించినట్లు తోస్తుంది. గృహపతుల అభ్యంతరాన్ని, ప్రసేనజిత్తు రాకను మాత్రం వదలలేదు. త్రిశంకుని నోట ఉన్న వాదం ఆ కావ్యంలో నేరుగా బుద్ధుని నోట, రాజుకూ పౌరులకూ చెప్పే ధర్మంగా వినిపిస్తుంది. తెలుగులో ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవల వెలువడినదీ ఆ సంవత్సరమే. రెండు భాషలవారు ఒకరి పుస్తకాన్ని ఒకరు చదివి రాసినవి కావు. ఆ కాలం ఆ ప్రశ్నను అంతటా అడుగుతున్నది.

ఆశాన్ 1924 జనవరిలో పల్లన వద్ద పడవ ప్రమాదంలో మరణించాడు. అదే సంవత్సరం మార్చి 30న వైకోమ్ సత్యాగ్రహం మొదలైంది. శివాలయం చుట్టూ ఉన్న బాటలలో నడవడానికి అనుమతి కోరడమే దాని లక్ష్యం. శ్రావస్తి గృహపతుల అభ్యంతరానికి ఇంతకన్నా దగ్గరి పోలిక చరిత్రలో దొరకదు. తిరువాన్కూరు ఆలయప్రవేశ ప్రకటన రావడానికి 1936 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది.

రవీంద్రుడు కథను తీసుకొన్నది రాజేంద్రలాల్ మిత్ర 1882లో ప్రచురించిన నేపాల్ సంస్కృత బౌద్ధ వాఙ్మయ వివరణ నుంచి. అది కలకత్తాకు చేరిన హాడ్జ్‌సన్ ప్రతుల ఆధారంగా తయారైనది. అంటే ఐరోపాకు, వంగదేశానికి కథ చేరింది ఒకే మూలం నుంచి. చండాలిక నాటకం 1933లో వెలువడింది. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో ఎరవాడ జైలులో గాంధీజీ నిరాహారదీక్ష, పూనా ఒప్పందం జరిగాయి. దీక్ష విరమణ వేళ రవీంద్రుడు అక్కడే ఉన్నాడు. ఇంత సమీపంలో రాసిన నాటకంలో రాజు లేడు, గృహపతులు లేరు, వాదం లేదు, ప్రవ్రజ్య కూడా లేదు. తల్లీకూతుళ్ళే ఉన్నారు. ఆశాన్ తొలగించిన మంత్రాన్ని రవీంద్రుడు నాటకానికి కేంద్రంగా చేశాడు. భిక్షువు ఆమెకు ఇచ్చింది తాను మనిషినన్న ఎరుక. ఆ ఎరుక కలిగిన తరువాత ఆమె తనను మేల్కొలిపినవానిని బలవంతంగా లాగుకొనిరావాలనుకొన్నది. మంత్రానికి లొంగి వచ్చిన ఆనందుని ముఖంలో వెలుగు ఆరిపోయి ఉండటం చూసి తల్లడిల్లింది. తల్లి మరణంతో నాటకం ముగుస్తుంది. 1938లో ఇది నృత్యనాటికగా మారి వంగదేశం దాటి వ్యాపించింది.

అణచివేత మనసులోపల ఎలా గూడుకట్టుకొంటుందో చూపడంలో చండాలికకు సాటి రాగలవి తక్కువ. కానీ గడప దగ్గర నిలబడి అడ్డుచెప్పినవారు ఆ రంగస్థలం మీద కనిపించరు. ఊరు కనిపించదు. చదువరి లేదా ప్రేక్షకుడు తాను ప్రకృతి పక్షాన ఉన్నానని అనుకోవడానికి అక్కడ ఎంతో వీలున్నది. శ్రావస్తి గృహపతులలో తానూ ఒకడేమోనన్న అనుమానం రావడానికి వీలు తక్కువ. ఆశాన్ కావ్యం ఆ సౌకర్యాన్ని ఇవ్వదు.

నాటకానికి ఆరేళ్ళ ముందు, 1927 మార్చి 20న, మహాడ్ పట్టణంలోని చవదార్ చెరువు నీటిని అంబేడ్కర్, ఆయన వెంట నడిచిన వేలాది మంది చేతులతో తీసుకొని తాగారు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం అంతకు ముందే తీర్మానించి ఉన్నది. అయినా వారు వెళ్ళిన తరువాత సవర్ణులు పంచగవ్యంతో చెరువును శుద్ధి చేశారు. బొంబాయి హైకోర్టు తీర్పు వారి హక్కును స్థిరపరచింది 1937లో. అవదానంలో నీరు అడిగింది భిక్షువు, పోసింది మాతంగకన్య. మహాడ్‌లో ఎవరూ పోయనవసరం లేదని, నీరు తమదేనని అంటరానివారే చెప్పారు. సాహిత్యం ఊహించని స్థానం నుంచి సమాజం మాట్లాడిన సందర్భమది.

1936లో కులనిర్మూలన ప్రసంగపాఠంలో అంబేడ్కర్ సహపంక్తి భోజనాలు చాలవని, కులాన్ని కరిగించేది కులాంతర వివాహమేనని వాదించాడు. త్రిశంకుడు పుష్కరసారి ఇంటికి వెళ్ళి అడిగింది సరిగ్గా దానినే. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన బుద్ధుడు, ఆయన ధమ్మం గ్రంథంలో ప్రకృతి కథకు చోటున్నది. క్షురకుడు ఉపాలి, పాకీపనివాడు సునీతుడు తదితరుల కథలున్న ప్రకరణంలో కాక, మహాప్రజాపతి గౌతమి, యశోధరల తరువాత స్త్రీల ప్రవ్రజ్యా ప్రకరణంలో ఆయన ఆమెను నిలిపాడు. రాణుల సరసన మాతంగకన్యను ఉంచిన ఆ కూర్పే ఒక వ్యాఖ్యానం. పునర్జన్మలను సంప్రదాయార్థంలో అంగీకరించని గ్రంథం గనుక త్రిశంకుని వృత్తాంతం అందులోకి రాలేదు. ఆ విధంగా, వివాహంతో ముగిసే కథను వాగ్నర్ తిరగవేశాడు, రవీంద్రుడు వదిలేశాడు, ఆశాన్ అందులోని తర్కాన్ని మాత్రమే వాడుకొన్నాడు. దానిని అందరికన్నా బలంగా వాడుకోగలిగినవానికి అది పనికిరాని రూపంలో ఉన్నది. 1886లో కేంబ్రిడ్జిలో దివ్యావదానాన్ని అచ్చువేసిన కొవెల్, నీల్ ఈ అవదానాన్ని గ్రంథం చివర అనుబంధంలోకి నెట్టారు. సంపూర్ణ పాఠం సుజితకుమార ముఖోపాధ్యాయ పరిష్కరణలో వెలువడింది 1954లో. ప్రచురించినది శాంతినికేతనంలోని విశ్వభారతి.

కథలోని పాత్రలు కాక నిజంగా బతికిన మనుషులు ఈ విషయంలో ఏమి మిగిల్చారని వెతికితే, కృష్ణాతీరంలోని అమరావతి మహాచైత్యం వద్ద ఒక జవాబు దొరుకుతుంది. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో ఆ చైత్యానికి దానాలిచ్చినవారిలో గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాల వ్యాపారులు, భిక్షువులు, భిక్షుణులు ఉన్నారు. వారితోపాటు విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు. ప్రాకృతంలో చెక్కిన అతని దానశాసనం అతణ్ణి నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడని పేర్కొంటుంది. తోలుపని, ఉపాధ్యాయ పదవి ఒకే కుటుంబంలో, ఒకే వాక్యంలో ఉన్నాయి. అతడు తన వృత్తిని దాచుకోలేదు, చెక్కినవాడూ దాచలేదు. ఒక శాసనాన్ని పట్టుకొని ఆనాటి ఆంధ్రదేశంలో అసమానత లేదనడం తొందరపాటు. దానం చేసే హక్కు, పక్కన కూర్చొని తినే హక్కు ఒకటి కావు. పిల్లనిచ్చి పుచ్చుకొనే హక్కు సంగతి సరేసరి.

తల్లి, భార్య, సోదరులు, కుమార్తెలు, జ్ఞాతులు, మిత్రులు, బంధువులు, అందరినీ విధికుడు ఆ పుణ్యంలో భాగస్వాములను చేశాడు. కొడుకును పేరుతో సహా చెప్పాడు. ఆ పిల్లవాని పేరూ నాగుడే, తాత పేరు. అతడు చైత్యానికి సమర్పించిన శిలాఫలకం మీద చెక్కి ఉన్నది పూర్ణఘటం, నిండా నీళ్ళున్న కుండ.